స్టేషను ముంగిట స్కూటరు



ఇవాళ నేను మాట్లాడదలచుకున్న విషయం వినగానే, "ఇది ఇంజనీర్లు చూసుకోవలసిన సంగతి కదూ, ఇందులో మనకేం పని?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. రైలు స్టేషను దగ్గర బండి నిలుపుకునే చోటు ఎంత వుండాలి, ఆ చోటును బట్టి రైలెక్కే జనం పెరుగుతారా లేదా అన్నదే ఆ విషయం. పైకి చూస్తే అందులో ఏముంది? గీతలు గీసిన నేల, ఒక కాపలా మనిషి, చేతికిచ్చే చీటీ. అంతేగా! కాని ఆ నేల ఎవరికి దక్కుతోంది, ఏ వేళకు దక్కుతోంది అని ఒక్కసారి అడిగి చూడండి. వంట ముగించి, పిల్లలకు క్యారియర్లు కట్టి, పెద్దవాళ్ళకు మందులందించి, ఆ తర్వాతే గడప దాటే స్త్రీకి ఈ ప్రశ్నతో చాలా పని వుంది.

మన హైదరాబాదు మెట్రోనే తీసుకుందాం. 2017 నవంబరు 28న మియాపూరు నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్ల మేర అది ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరి నాటికి మూడు దారులూ కలిపి 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు అయ్యాయి. మూడు పెట్టెల రైలొకటి దాదాపు వెయ్యిమందిని మోస్తుంది. ముందు పెట్టెలో కొంత భాగాన్ని ఆడవాళ్ళకు కేటాయించారు కూడాను. ఇంతవరకు బాగానే వుంది. అయితే రైలు మన వీధి చివరికి రాదు కదా! ఇంటి నుంచి స్టేషను దాకా వుండే ఆ రెండు మూడు కిలోమీటర్లు ఎలా దాటాలన్నదాని మీదే, మనం రైలెక్కడమా మానడమా అన్నది ఆధారపడి వుంటుంది.

మియాపూరుకు మూడు కిలోమీటర్ల అవతల ఒక కొత్త కాలనీలో వుంటూ, నాంపల్లిలో ఉద్యోగం చేసుకునే ఒక గృహిణి వున్నదనుకుందాం. ఆమె వీధికి బస్సు రాదు. ఆటో దొరికినా రోజూ రెండు పూటలా దాని ఖర్చు భరించలేదు. ఇంట్లో స్కూటరు వుంది. స్టేషను దగ్గర దాన్ని నిలిపే చోటు దొరికితే హాయిగా రైలెక్కుతుంది. దొరకలేదనుకోండి, ఏం చేస్తుంది? స్కూటరు ఎలాగూ ఎక్కింది కనుక, అదే స్కూటరు మీద నాంపల్లి దాకా పోతుంది. రానూ పోనూ నలభై కిలోమీటర్లు, లీటరు పెట్రోలు, నెత్తిన ఎండ, ముక్కునిండా పొగ. ఒకరోజు అలా పోయిన మనిషి మర్నాడు స్టేషను వైపు తిరిగి చూడదు. "అక్కడ చోటుండదులే" అన్న మాట ఒకటి మనసులో పడిపోతే, రైలు ఆ ప్రయాణికురాల్ని పోగొట్టుకున్నట్టే.

కనుక దారి చివరి స్టేషన్ల దగ్గర, బస్సులు పలచగా వుండే చోట్ల, బండ్లు నిలిపే వసతి రైలుకు జనాన్ని తెస్తుందన్నది నిజం. అందులో సందేహం లేదు. కాని ఈ మాట పట్టుకుని "అయితే ప్రతి స్టేషను దగ్గరా ఎకరాలకెకరాలు పార్కింగు కట్టేస్తే సరి" అంటే మాత్రం లెక్క కుదరదు. ఎందుకు కుదరదో చూద్దాం. మనం పచారీ లెక్కలు వేసేవాళ్ళమే కదా, ఇదీ అంతే.

ఒక కారు నిలపడానికి, అది వచ్చిపోయే దారితో కలిపి, సుమారు 30 గజాల స్థలం కావాలి. స్కూటరుకు 3 గజాలు చాలు. ఎకరానికి 4,840 గజాలు. అంటే ఎకరం నేలలో 160 కార్లు, లేదా 1,600 స్కూటర్లు పడతాయి. ఒక్కొక్క కారులో ఒక్కొక్క మనిషే వచ్చాడనుకుంటే, నగరంలో బంగారంలాంటి ఎకరం నేల ఒక్క రైలులో ఆరోవంతును కూడా నింపదు! 2023లో మన మెట్రోలో రోజుకు నాలుగు లక్షలకు పైగా ప్రయాణాలు జరిగాయి. నాలుగున్నర లక్షలనుకోండి, రానూ పోనూ కనుక రెండుంబావు లక్షల మంది మనుషులు. వాళ్ళంతా తలా ఒక స్కూటరు మీద వస్తే నిలపడానికి 140 ఎకరాలు కావాలి. తలా ఒక కారులో వస్తే 1,400 ఎకరాలు! అంత నేల ఎక్కడినుంచి తెస్తాం?

ఇంకొక సంగతి. పొద్దున నిలిపిన బండి సాయంత్రం దాకా అక్కడే వుంటుంది. ఆ 30 గజాలు రోజు మొత్తంమీద ఒకే ఒక్క ప్రయాణికుణ్ణి తెచ్చాయన్నమాట. అదే రెండు కార్ల చోటులో ఒక బస్సు ఆగే వీలుందనుకోండి. పది నిమిషాలకొక బస్సు వచ్చి, ఒక్కొక్క దానిలోంచి ఇరవైమంది దిగితే, గంటకు 120 మంది. రోజుకెంతో మీరే లెక్క కట్టండి. ఇంటి అరుగు మీద ఎవరిని కూర్చోబెట్టాలో ఇల్లాలు ఆలోచించినట్టే, స్టేషను ముంగిట్లో ఎవరికి ఎంత చోటివ్వాలో కూడా ఆలోచించి ఇవ్వాలి.

మరొక మాట కూడా చెప్పుకోవాలి. కొత్తగా వంద బండ్లకు చోటు కల్పిస్తే, వందమంది కొత్త ప్రయాణికులు వచ్చారని లెక్క రాసుకోకూడదు. వారిలో కొందరు నిన్నటిదాకా బస్సులో వచ్చినవాళ్ళు. కొందరు నడిచి వచ్చినవాళ్ళు. కొందరు పక్క సందులో బండి పెట్టి ఎక్కినవాళ్ళు. రైలే ఎక్కకుండా, ఎదురుగా వున్న బజారులో పని చూసుకోవడానికి బండి పెట్టి పోయేవాళ్ళూ వుంటారు. వీళ్ళందరినీ తీసేయగా మిగిలినవాళ్ళే అసలైన కొత్తవాళ్ళు.

ఇప్పుడు మన ఆడవాళ్ళ సంగతికి వద్దాం. పార్కింగు చోటు ఎప్పుడూ ముందు వచ్చినవారికే దక్కుతుంది. వినడానికి ఇది న్యాయంగానే వుంటుంది. కాని ముందు రాగలిగేదెవరు? కాఫీ చేతికందితే తాగి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఏడున్నరకు బయల్దేరగలిగినవాళ్ళు. ఇంటి పనులు తెముల్చుకుని తొమ్మిదిన్నరకు వచ్చే ఇల్లాలికి కనిపించేది "నిండినది" అన్న బోర్డు. ఆమె కూడా పన్ను కట్టింది, ఆమె కూడా టిక్కెట్టు కొంటుంది. ఆలస్యం ఆమె బద్ధకం వల్ల అయింది కాదు, మరొకరిని ఏడున్నరకు సాగనంపినందువల్ల అయింది! బండి వున్న స్త్రీ పరిస్థితే ఇలా వుంటే, బండే లేని స్త్రీ సంగతి వేరే చెప్పాలా? చాలా ఇళ్ళలో వుండేది ఒక్క బండి. అది పొద్దున్నే ఇంటాయనతో వెళ్ళిపోతుంది. ఎన్ని ఎకరాల పార్కింగు కట్టినా ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఆమెకు కావలసింది నడవడానికి గతుకుల్లేని కాలిబాట, వేళకు వచ్చే బస్సు.

ఈ చిక్కు మనకొక్కళ్ళకే వచ్చింది కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమూ, దాని చుట్టుపక్కల ఊళ్ళూ కలుపుతూ 1972లో ఒక రైలు మార్గం మొదలైంది. దాన్ని బార్ట్ అంటారు. మన తెలుగు కుటుంబాలు అనేకం ఆ ప్రాంతంలో స్థిరపడ్డాయి కనుక మీలో కొందరికి ఆ పేరు పరిచయమే అయివుంటుంది. నగరం నడిబొడ్డు స్టేషన్ల దగ్గర పార్కింగు ఏర్పాటేమీ లేదు. జనం నడిచి వస్తారు. శివారు స్టేషన్ల దగ్గర మాత్రం విశాలమైన మైదానాలే వదిలిపెట్టారు, కార్లు నిలుపుకోండని. అవి నిజంగానే జనాన్ని తెచ్చాయి. కాని కొన్నేళ్ళు గడిచేసరికి పొద్దున ఎనిమిది కాకుండానే నిండిపోయే స్థితి వచ్చింది. ఎనిమిది దాటి వచ్చినవాళ్ళకు రైలులో చోటున్నా కారుకు చోటు లేదు. చివరికి రుసుము పెట్టారు. కొన్ని స్థలాలను ముందుగా డబ్బు కట్టినవారికి ఉదయం పది గంటల దాకా అట్టిపెట్టి, ఆ తర్వాత ఎవరైనా నిలుపుకోవచ్చునన్నారు. గడియారం చూసి చోటు పంచడం సాధ్యమేనని దీనివల్ల తెలుస్తోంది.

ఆ బార్ట్ దారిలోనే, ఓక్లాండ్ నగరంలో ఫ్రూట్‌వేల్ అనే స్టేషను వుంది. 1990ల మొదట్లో అక్కడ బండ్లు నిలపడానికి ఒక మేడ కడతామని ప్రతిపాదన వచ్చింది. అది సామాన్య కుటుంబాలు నివసించే పేట. ఈ మేడ వస్తే స్టేషనుకూ తమ బజారుకూ మధ్య గోడలా అడ్డం పడుతుందనీ, పొగా, దొంగల భయమూ ఎక్కువవుతాయనీ పేటవాళ్ళు అభ్యంతరం చెప్పారు. యూనిటీ కౌన్సిల్ అనే స్థానిక సంస్థ ముందు నిలిచింది. దాన్ని నడిపినది ఆరబెల్లా మార్టినెజ్ అనే మహిళ. ఆమె "వద్దు" అని ఊరుకోలేదు. మరి ఏం కావాలో పేటవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించి, ఒక పథకం తయారుచేయించింది. ఏళ్ళ తరబడి పట్టువిడవకుండా తిరిగారు. 2004 నాటికి ఆ స్టేషను ముంగిట ఇళ్ళూ, దుకాణాలూ, ఆస్పత్రీ, గ్రంథాలయమూ, పసిపిల్లల సంరక్షణ కేంద్రమూ, వృద్ధులకొక కూడలీ వెలిశాయి. బండ్లకూ చోటు చూపించారు, కాని పక్కకు జరిపి. రైలు దిగిన తల్లి బిడ్డను తీసుకుని, మందులు కొనుక్కుని, నాలుగడుగుల్లో ఇల్లు చేరే వీలు కలిగింది. ఇంటి ముంగిటే స్టేషనుంటే రైలెక్కడానికి పార్కింగు ఎందుకు చెప్పండి!

తర్వాత కరోనా వచ్చింది. 2019లో బార్ట్ రైళ్ళలో పనిరోజున నాలుగు లక్షలకు పైగా జనం ప్రయాణించేవారు. కరోనా తర్వాత చాలామంది ఇంటినుంచే పని చేసుకోసాగారు. 2023లో కూడా ఆ సంఖ్య పాతదానిలో సగానికి చేరలేదు. ఒకప్పుడు ఎనిమిదికే నిండిపోయిన మైదానాల్లో కావలసినంత చోటు మిగిలిపోయింది. చోటు వుందికదా అని జనం వచ్చారా? రాలేదు. వెళ్ళవలసిన పని వుంటే, దారి సుఖంగా వుంటే మనిషి బయల్దేరతాడు. పార్కింగు ఆ దారిలో ఒక మెట్టు, అంతే. కాలిఫోర్నియా ప్రభుత్వం 2018లోనే ఒక చట్టం చేసింది, బార్ట్ స్టేషన్ల దగ్గర ఆ సంస్థకున్న నేలలో ఇళ్ళు కట్టడానికి వీలు కలిగిస్తూ.

హాలండు దేశంవారి పద్ధతి వేరు. అక్కడ రైలెక్కేవారిలో ప్రతి ఐదుగురికీ ఇద్దరి వంతున ఇంటినుంచి స్టేషనుకు సైకిలు మీద వస్తారు. ఊట్రెక్ట్ నగరం స్టేషను కింద 12,500 సైకిళ్ళు నిలిపే శాల కట్టారు, అది 2019లో పూర్తయింది. మొదటి ఇరవైనాలుగు గంటలూ ఉచితం. పన్నెండున్నర వేల కార్లకు ఎంత నేల కావాలో ఇందాకటి లెక్క ప్రకారం చూసుకోండి, 75 ఎకరాలు దాటుతుంది! మన ఎండలకు సైకిలు అందరూ తొక్కలేరు, నిజమే. కాని మన దేశంలో సైకిలు పాత్ర స్కూటీ పోషిస్తోంది. మన ఆడపిల్లలకు రెక్కలిచ్చిన బండి అది. కనుక మన స్టేషన్లలో మొదటి చోటు దానిదే కావాలి.

ఇక రుసుము సంగతి. 2024 ఆగస్టులో నాగోలు, మియాపూరు స్టేషన్ల దగ్గర అప్పటిదాకా ఉచితంగా వున్న పార్కింగుకు డబ్బు వసూలు చేస్తామనేసరికి ప్రయాణికులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కొన్నాళ్ళు వాయిదా పడి, అదే ఏడాది తర్వాత రుసుము అమలుకు వచ్చింది. ఇందులో రెండువైపులా కొంత న్యాయముంది. టిక్కెట్టు ఖర్చే పెట్రోలు ఖర్చుకు అటూ ఇటూగా వున్నప్పుడు, దానిమీద రోజూ పార్కింగు రుసుము కూడా పడితే మధ్యతరగతి మనిషి చేతి సంచీ తడుముకుంటుంది. "ఈ డబ్బుతో స్కూటరు మీదే పోవచ్చు కదా" అనుకుంటుంది. అలా కొందరు రైలు మానుతారు. మరోవైపు, నేలా, దీపాలూ, కాపలా ఊరికే రావు. లాస్ ఏంజిల్స్‌లో ప్రొఫెసరుగా పనిచేసిన డొనాల్డ్ షూప్ గారు 2005లో ఒక పెద్ద పుస్తకమే రాశారు, ఉచిత పార్కింగు ఉచితం కాదని, బండి లేనివాళ్ళు కూడా తెలియకుండా దాని ఖర్చు మోస్తున్నారని. ఆలోచించండి, నడిచి వచ్చి రైలెక్కే పనిమనిషి టిక్కెట్టు డబ్బుతో, కారులో వచ్చే అయ్యగారి పార్కింగు నడవడం న్యాయమేనా?

నాకు తోచిన మధ్యేమార్గం చెబుతాను. రైలెక్కేవారి స్కూటరుకు నామమాత్రం రుసుము, అదీ టిక్కెట్టుతోనే కలిపి. కారుకు దాని చోటుకు తగినంత. రైలెక్కకుండా బజారు పనిమీద బండి పెట్టేవారికి అందరికన్నా ఎక్కువ. చోటు పూర్తిగా నిండిపోయే స్టేషనులో ఎక్కువ, సగం ఖాళీగా వుండే స్టేషనులో అసలు వద్దు. వసూలైన డబ్బు ఆ స్టేషను దీపాలకూ, కాలిబాటకూ ఖర్చు పెడితే ఇచ్చేవారికీ బాధ వుండదు.

రెండో కొసను కూడా మరవకూడదు. బండి నిలిపే చోటు బయల్దేరే వైపే కాదు, చేరే వైపు కూడా వుంటుంది. ఆఫీసు సెల్లారులో ఉచితంగా కారు పెట్టుకోనిస్తే, ఇంటి దగ్గర స్టేషను ఎంత బాగున్నా మనిషి కారులోనే పోతాడు. కాలిఫోర్నియాలో 1992లో ఒక చట్టం వచ్చింది. ఉద్యోగి కారు కోసం యజమాని చోటు అద్దెకు తీసుకుని ఉచితంగా ఇస్తుంటే, ఆ చోటు అక్కరలేదన్న ఉద్యోగికి దాని విలువ డబ్బుగా ఇవ్వాలని. మన ఐటీ కంపెనీల్లో పనిచేసే అమ్మాయిలు ఈ మాట తమ ఆఫీసులో ఎత్తి చూడవచ్చు. కారు తెచ్చేవారికి చోటిస్తున్నప్పుడు, రైల్లో వచ్చేవారికి నెల టిక్కెట్టు ఇస్తే తప్పేముంది?

తెలంగాణాలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం చేశారు. బస్సు ఊరికే తీసుకుపోతుంటే మెట్రోకు డబ్బెందుకు పెట్టాలని చాలామంది బస్సుకే మొగ్గారు. అది సహజం. కాని దూరం పోయేవారికి రైలు గంటసేపు మిగులుస్తుందంటే, స్టేషను దాకా ఆ ఉచిత బస్సూ, అక్కడినుంచి రైలూ చక్కని జోడీ అవుతాయి. కావలసిందల్లా బస్సు స్టేషను మెట్ల దగ్గర ఆగడం. చాలా చోట్ల ఆ బస్సు రోడ్డుకు అవతలెక్కడో ఆగుతుంది, మెట్ల దగ్గర బండ్లు బారులు తీరి వుంటాయి. కాలిబాట మీద కూడా బండ్లే! చంకలో బిడ్డతో వచ్చే తల్లి నడిరోడ్డు మీద నడవాలి. వేలకోట్లు పోసి రైలు కట్టుకుని, నాలుగు గజాల కాలిబాట దగ్గర వెనకాడటం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు కాదా?

చీకటి పడ్డాక సంగతి కూడా చెప్పాలి. పొద్దున బండి నిలిపిన చోటుకు రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా రావాలంటే ఎంత ధైర్యం కావాలో ఆడవాళ్ళకే తెలుసు. ఒక దీపం ఆరిపోయి, కాపలా మనిషి కనబడకపోతే, మర్నాటినుంచి ఆమె రైలు మానేస్తుంది. కారణం ఎవరికీ చెప్పదు కూడా. అధికారుల లెక్కల్లో ఆమె "తగ్గిన ప్రయాణికులు" అన్న అంకెలో కలిసిపోతుంది.

అయితే మనమేం చెయ్యాలి? మీ కాలనీ సంఘంలోనో, మహిళా మండలిలోనో నలుగురు కలిసి ఒక చిన్న పని చెయ్యండి. ఒక వారం రోజులు మీ స్టేషను దగ్గర చూసి నోటుపుస్తకంలో రాయండి. బండ్ల చోటు ఏ వేళకు నిండుతోంది? అందులో కార్లెన్ని, స్కూటర్లెన్ని? చోటు లేక వెనక్కు తిరిగిన ఆడవాళ్ళెందరు? బస్సు ఎన్ని నిమిషాలకు వస్తోంది, మెట్లకు ఎంత దూరంలో ఆగుతోంది? రాత్రి ఏ దీపాలు వెలగడం లేదు? ఈ అయిదింటికీ జవాబులు రాసి, కింద అందరూ సంతకాలు పెట్టి మెట్రో అధికారులకూ, ఆర్టీసీకీ, మీ కార్పొరేటరుకూ తలా ఒకటి ఇవ్వండి. అందులో అడగవలసినవి నాలుగే: కారుకన్నా ముందు స్కూటరుకు, అదీ కప్పు కింద చోటు; తొమ్మిదిన్నర తర్వాత వచ్చేవారికోసం కొన్ని వరుసలు విడిగా అట్టిపెట్టడం; మెట్ల దగ్గరే బస్సు ఆగడం; రాత్రి చివరి రైలు దాకా దీపమూ మనిషీ వుండటం.

"పార్కింగు పెంచండి" అని అరిస్తే, ఇంకో ఎకరం కార్లకు పోతుంది, అంతే. ఎవరికోసం, ఏ వేళకు, ఎంత అన్నది మన అంకెలతో మనం చెప్పినప్పుడే, తొమ్మిదిన్నరకు గడప దాటే స్త్రీకి కూడా ఆ రైలులో చోటు దొరుకుతుంది. వచ్చే సోమవారమే నోటుపుస్తకం తెరవండి.